గాలివాటున గోదావరి: తెరచాప పడవల చరిత్ర, శాస్త్రము

తెలుగు వాడుకలో "గాలివాటము" అను మాటకు నేడు కొంత చిన్నచూపు అంటుకొన్నది. ప్రయత్నము లేకుండ కలిసివచ్చిన గెలుపును గాలివాటపు గెలుపందురు. నిలుకడలేని మనిషిని గాలివాటున పోవువాడందురు. కాని గోదావరిమీద తెరచాప యెత్తి బ్రతికిన పడవవానికి గాలివాటున పోవుట ఒక విద్య. ఏ వేళ ఏ గాలి వీచును, ఎంత చాప విప్పవలెను, ఎప్పుడు దింపవలెను, వెళ్లిన చోటినుండి తిరిగి వచ్చు దారి యేది అను ప్రశ్నలకు సమాధానము తెలిసిన పిమ్మటనే అతడు రేవు విడిచెడివాడు. ఆ విద్య యొక్క చరిత్రయు, దాని వెనుకనున్న భౌతికశాస్త్రమును తెలిసికొనుటకు పోలవరము మంచి తావు.

పోలవరము గోదావరి కుడిగట్టున, నేటి ఏలూరు జిల్లాలో ఉన్నది. పాపికొండల నడుమ ఇరుకైన లోయలో, లోతుగా ప్రవహించి వచ్చిన నది ఈ ప్రాంతముననే కొండలను వీడి మైదానమున కాలిడును. ఇచ్చటినుండి రాజమహేంద్రవరము, కొవ్వూరుల మధ్యనున్న వంతెన సుమారు 34 కిలోమీటర్లు. ధవళేశ్వరము ఆనకట్ట 42 కిలోమీటర్లు. పైన కొండలు, అడవులు. క్రింద వరిచేలు, కొబ్బరితోటలు, సముద్రము. ఈ రెండు లోకములకు నడుమ చిరకాలము నదియే రహదారి. పైనుండి కలప, వెదురు, అడవిసరకులు దిగుచుండెను. క్రిందినుండి ఉప్పు, బియ్యము, బట్టలు ఎక్కుచుండెను. దిగుటకు నీటివాలు సాయపడును. మరి ఎక్కుటకు ఏది సాయపడవలెను? ఈ ప్రశ్నకు మానవుడు కనుగొన్న తొలి సమాధానములలో గాలి ముఖ్యమైనది.

నైలునది నేర్పిన పాఠము

ఈ సమస్యను ప్రపంచములో మిక్కిలి ప్రాచీనకాలమున పరిష్కరించిన వారిలో ఈజిప్టువారు ప్రముఖులు. సుమారు 5000 ఏండ్లకు పూర్వమే వారు నైలునదిపై తెరచాప యెత్తిరి. నైలు దక్షిణమునుండి ఉత్తరమునకు ప్రవహించును. అచ్చట ఏడాదిలో ఎక్కువ కాలము గాలి ఉత్తరమునుండి దక్షిణమునకు వీచును. కనుక నదివెంట దిగవలసినవారు చాప చుట్టి ప్రవాహమునకు పడవను వదలుదురు. ఎగువకు పోవలసినవారు చాప విప్పి గాలికి అప్పగించుదురు. వారి చిత్రలిపిలో కూడ ఈ భేదము నిలిచియున్నది. దక్షిణ ప్రయాణమును తెలుపుటకు చాప యెత్తిన పడవను, ఉత్తర ప్రయాణమును తెలుపుటకు చాప లేని పడవను వారు గీయుచుండిరి.

గోదావరికి నైలువలె ఏడాది పొడవున ఒకే తీరు గాలి లేదు. నది పోలవరము దిగువన మొత్తముమీద ఆగ్నేయముగా సముద్రమువైపు సాగును. వేసవిలో పగటివేళ నేల వేడెక్కి, దానిపైనున్న గాలి తేలికయై పైకి లేచినప్పుడు, సముద్రముమీది చల్లగాలి ఆ చోటు నింపుటకు ఒడ్డువైపు వీచును. ఇది డెల్టాలో నది కెదురుగా, అనగా ఎగువకు పోవు పడవకు అనుకూలముగా ఉండును. సముద్రమునుండి దూరము పెరిగినకొలది దీని బలము తగ్గును. జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి, పడమటి గాలులు. శీతకాలమున ఈశాన్యపు గాలి. వీనికి తోడు కొండల నడుమ దూరిన గాలి నదిలోయ వెంబడి మళ్లును. లోయ యే దిక్కునకు తిరిగిన గాలియు ఇంచుమించు ఆ దిక్కునకే తిరుగును. అందువలన పోలవరము ఎగువన గాలి సాధారణముగా పడవకు ముందునుండియో వెనుకనుండియో తగులును. వెనుకనుండి తగిలినప్పుడు చాప విప్పుట, ముందునుండి తగిలినప్పుడు గడయో తెడ్డో పట్టుట, లేదా ఒడ్డునుండి తాడుతో లాగుట. పడవవాని దినచర్య అంతయు ఈ మూడు పనుల చుట్టునే తిరుగును.

గాలి త్రోపులోని లెక్క

వెనుక గాలితో పోవు పడవ ఎంత వేగముగా పోగలదు? ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసిన బీజగణితముతోనే దీనిని తేల్చవచ్చును.

గాలి తెరచాపను త్రోయు బలము గాలి సాంద్రతపైనను, చాప వైశాల్యముపైనను, గాలి వేగముయొక్క వర్గముపైనను ఆధారపడును. 10 చదరపు మీటర్ల చాపపై సెకనుకు 5 మీటర్ల వేగముతో గాలి నేరుగా తగిలినచో, కలుగు త్రోపు సుమారు 180 న్యూటనులు. అనగా 18 కిలోల బరువుతో సమానము. గాలి వేగము రెట్టింపైనచో త్రోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. 18 కిలోలకు బదులు 70 కిలోలకు మించిన త్రోపు కొయ్యమీద పడును. పడవవారు గాలి హెచ్చగానే చాపను కుదించుటకు ఇదియే కారణము.

అయితే పడవ కదలినకొద్ది చాపకు తగులు గాలి తగ్గును. గాలి సెకనుకు 5 మీటర్లు, పడవ సెకనుకు 2 మీటర్లు పోవుచున్నచో, చాపకు తెలియు గాలి 3 మీటర్లే. గాలివేగమును పడవ అందుకొన్నచో చాప వ్రేలాడిపోవును. కనుక వెనుక గాలి త్రోపుతో నేరుగా పోవు పడవ గాలిని మించి పోజాలదు. అటు నీటి నిరోధము పడవ వేగముయొక్క వర్గముతో పెరుగును. త్రోపును, నిరోధమును సమానమైనచోట పడవ నిలుకడ వేగమును పొందును.

గాలి వేగము గ, పడవ వేగము ప అనుకొందము. త్రోపు (గ − ప) యొక్క వర్గమునకును, నిరోధము ప యొక్క వర్గమునకును అనులోమము. రెండును సమానము గనుక, (గ − ప) ని ప చే భాగించగా వచ్చునది ఆ పడవకు, ఆ చాపకు ఒక స్థిరసంఖ్య యగును. ఆ సంఖ్య 2 అయినచో పడవ వేగము గాలిలో మూడవవంతు. గాలి మెల్లగా వీచినను, గట్టిగా వీచినను ఇంచుమించు అదే నిష్పత్తి. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది గనుక ఈ సంఖ్య 1 కి దిగుట తేలిక కాదు. దానిని 2 నుండి 1 కి దింపవలెనన్నచో చాప వైశాల్యమును నాలుగు రెట్లు చేయవలెను. ఇంత చేసినను పడవ వేగము గాలిలో మూడవవంతునుండి సగమునకు మాత్రమే పెరుగును. అనగా నాలుగింతల గుడ్డకు ఒకటిన్నర ఇంతల వేగము. నదీ పడవలకు మితమైన చాపలే చాలుటలోని పొదుపు ఈ లెక్కవలన తెలియును.

వేగమునకు మరియొక హద్దు కూడ కలదు. పడవ పోవునప్పుడు తన ముందర ఒక అలను, వెనుక ఒక అలను లేపును. వేగము పెరిగినకొలది ఈ అలల మధ్య దూరము పెరిగి, చివరకు పడవ తాను లేపిన అలల నడుమనే చిక్కుకొనును. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ (1810–1879) చిన్న నమూనా ఓడలను నీటితొట్టిలో లాగి ఈ అలల నిరోధమును శాస్త్రీయముగా కొలిచెను. పడవ నీటిమట్టపు పొడవును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 1.25 చే గుణించినచో ఈ హద్దు సెకనుకు మీటర్లలో వచ్చును. 9 మీటర్ల పడవకు అది సుమారు 3.75 మీటర్లు, అనగా గంటకు 13.5 కిలోమీటర్లు. సామాన్యమైన బరువు పడవ ఇంతకంటె వేగముగా పోవుటకు ప్రయత్నించుట శక్తిని వృథా చేయుటయే.

వాలు, ఎదురు

ఇప్పుడు ఈ లెక్కలోనికి ప్రవాహమును తీసికొనివత్తము. పడవకు కావలసినది నేలతో పోల్చిన గాలి కాదు, నీటితో పోల్చిన గాలి. నది సెకనుకు 1 మీటరు చొప్పున దిగువకు పారుచున్నదనియు, గాలి 5 మీటర్ల వేగముతో ఎగువకు వీచుచున్నదనియు అనుకొందము. నీటిలో తేలు పడవకు ఆ గాలి 6 మీటర్లుగా తెలియును. పైన చెప్పిన మూడవవంతు పడవ నీటిలో 2 మీటర్ల వేగమును పొందును. అందులో 1 మీటరు ప్రవాహము హరింపగా, ఒడ్డుతో పోల్చినచో 1 మీటరు మిగులును. గంటకు 3.6 కిలోమీటర్లు. రాజమహేంద్రవరము వంతెన దగ్గరనుండి పోలవరమునకు 34 కిలోమీటర్లు పోవుటకు ఆ లెక్కన తొమ్మిదిన్నర గంటలు పట్టును. గాలి నిలుకడగా ఉన్నచో ఒక పగటి ప్రయాణము.

గాలియు, ప్రవాహమును రెండును దిగువకే పోవుచున్నచో? 5 మీటర్ల గాలి పడవకు 4 మీటర్లుగానే తెలియును. నీటిలో వేగము 1.33, ప్రవాహము చేర్చగా 2.33 మీటర్లు. అదే దూరము సుమారు నాలుగు గంటలలో దిగవచ్చును. ఈ రెండు ఉదాహరణలలో ఒక విచిత్రమున్నది. ప్రవాహము ఎగువ ప్రయాణమునకు శత్రువైనను, గాలిని చాపకు బలముగా తాకించుటలో అది కొంత సాయము చేయుచున్నది. దిగువ ప్రయాణములో మిత్రమైనను, చాప పట్టు గాలిని కొంత తగ్గించుచున్నది.

ఎదురుగాలిలో దిగవలసివచ్చినచో పడవవాడు చాప, కొయ్య దించి పడవను తక్కువ యెత్తున ఉంచును. నీటిలో మునిగిన భాగమును ప్రవాహము మోసికొనిపోవును. పైనున్న భాగమును గాలి వెనుకకు నెట్టును. నీటిపైనున్న భాగము ఎంత తక్కువైన అంత మేలు. కొట్టిన వెదురును, కలపను కట్టలు కట్టి తెప్పలుగా నదిలో దింపుటలోని సౌలభ్యము ఇదియే. తెప్ప ఇంచుమించు పూర్తిగా నీటిలో మునిగియుండును గనుక గాలి దానిని ఏమియు చేయజాలదు.

తెప్పనుండి ఓడవరకు

తెప్పయే తెలుగుతీరమున సముద్ర ప్రయాణమునకు కూడ పునాది. నాలుగైదు తేలిక దుంగలను చేర్చి కట్టిన తెప్పమీద జాలరి మోకాళ్లపైననో, నిలువబడియో తెడ్డు వేయును. గాలి అనుకూలించినప్పుడు చిన్న చాప యెత్తును. తెల్లవారుజామున నేలమీదినుండి సముద్రమువైపు వీచు గాలితో లోపలికి పోవుట, మధ్యాహ్నము సముద్రపు గాలితో ఒడ్డునకు చేరుట: రెండు దిక్కులయందును గాలివాటున సాగు ఈ పద్ధతి ప్రకృతి యిచ్చిన రాకపోకల బండివంటిది. మద్రాసు రాష్ట్రపు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతదేశపు పడవలపై ప్రచురించిన గ్రంథమున తూర్పుతీరపు తెప్పల భేదములను వర్ణించెను. తమిళతీరమున దుంగలను త్రాళ్లతో కట్టుట వాడుక. విశాఖపట్నము, గంజాము ప్రాంతములలో దుంగలను కొయ్యమేకులతో కూడ బిగించి పడవ ఆకారమునకు తెచ్చుట వాడుక. "కట్టుమరము" అను తమిళపదమే ఇంగ్లీషులోనికి "కటమరాన్"గా పోయినది. ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ 1697లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున ఈ తెప్పలను పేర్కొనెను.

ఇటీవల పలుదేశములలో ఒక క్రీడ వ్యాపించినది. వెడల్పైన తేలుపలకపై నిలువబడి, పొడవైన తెడ్డుతో నడుపుట. గాలి వెనుకనుండి వీచినప్పుడు తెడ్డు ఆపి గాలివాటున మెల్లగా జారిపోవుట. దీనిని పాడిల్ బోర్డు అందురు. నిలువబడిన మనిషి దేహమే అచ్చట తెరచాప. సెకనుకు 6 మీటర్ల గాలిలో ఆ దేహముపై పడు త్రోపు సుమారు ఒక కిలో బరువంత మాత్రమే. అయినను నునుపైన పలక నడకవేగమునకు కొంచెము తక్కువగా కదలుటకు అది చాలును. మన జాలరి తెప్పకును, ఈ పలకకును సూత్రమొక్కటే. ఒకరికది వినోదము, మరియొకరికి జీవనము.

తెప్పలనుండి పెద్ద ఓడలవరకు ఆంధ్రదేశపు నౌకాచరిత్ర దీర్ఘమైనది. క్రీ. శ. మొదటి శతాబ్దిలో గ్రీకుభాషలో వ్రాయబడిన "ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్" అను నావికగ్రంథము, నేటి మచిలీపట్నము పరిసరములను "మసలియా" అని పేర్కొని అచ్చటి సన్నని నూలుబట్టలను ప్రశంసించినది. దుంగలను జతచేసి కట్టిన "సంగర" అను పెద్దనావలు తూర్పుతీరమున తిరుగుచుండెననియు అందు కలదు. రుతుపవనముల గాలిని నమ్మి నడిసముద్రమున నేరుగా భారతదేశమునకు వచ్చు మార్గమును హిప్పలస్ అను నావికుడు కనుగొనెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది. రెండవ శతాబ్ది చివరిభాగమున ఏలిన శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కలదు. ఒక రాజు తన నాణెముపై ఓడను ముద్రించుట ఆనాటి సముద్ర వర్తకమునకు గల గౌరవమును చాటుచున్నది.

గోదావరి ముఖమున నరసాపురము, దాని చెంతనున్న మాధవాయిపాలెము పదునేడవ శతాబ్దిలో ఓడలు కట్టు కేంద్రములు. 1670 ప్రాంతమున ఈ తీరమున సంచరించిన థామస్ బౌరీ అను ఆంగ్ల వర్తకుడు, అచ్చట మంచి కలపయు, నిపుణులైన వడ్రంగులును దొరకుదురనియు, ఆంగ్లేయులు కూడ అచ్చట ఓడలు కట్టించుకొనుచుండిరనియు వ్రాసెను. పై అడవులనుండి కలప దిగుటకు నది తోవ యిచ్చుచుండెను. ఏటివాలున దిగిన మ్రాను ఓడయై గాలివాటున సముద్రము దాటెడిది.

కాటన్ కాలువలు

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ చరిత్ర క్రొత్త మలుపు తిరిగినది. ఆర్థర్ కాటన్ (1803–1899) ఆధ్వర్యమున 1847లో ప్రారంభమైన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. కాటన్ దృష్టిలో కాలువలు పొలములకు నీరిచ్చుటకు మాత్రమే కాక, సరకుల రవాణాకు కూడ ఉద్దేశింపబడినవి. అందుచేత మట్టము మారు తావులలో పడవలు ఎక్కి దిగుటకు లాకులు కట్టిరి. గోదావరి పడమటి కాలువయు, కృష్ణ కాలువయు ఏలూరు వద్ద కలియుటవలన రెండు నదుల డెల్టాలకు జలమార్గము ఏర్పడినది. దక్షిణమున బకింగ్‌హాము కాలువద్వారా మద్రాసువరకు పడవలు పోయెడివి.

కాలువలో తెరచాపకు నదిలోవలె స్వేచ్ఛ లేదు. ఎదురుగాలిలో పడవను ఇటునటు మలుపులు త్రిప్పుచు ముందునకు నడుపుటకు నదిలో వెడల్పు కలదు. ఇరుకు కాలువలో లేదు. కనుక గాలి వెనుకనుండి వచ్చినంతసేపు చాప. అది మారగానే గట్టుమీద మనుషులు. భుజమునకు తాడు తగిలించుకొని, ముందునకు వంగి, గట్టువెంట మైళ్లకొలది నడచి పడవను లాగిన కూలీల చెమట ఆ కాలువల చరిత్రలో భాగము. వారికి మంచిగాలి యనగా ఆ పూట భుజమునకు విశ్రాంతి. నీటి నిరోధము మెల్లని వేగమున మిక్కిలి స్వల్పము. అందుచేతనే బండిపై అనేక జతల యెడ్లు లాగవలసిన బరువును కొద్దిమంది మనుషులు నీటిపై లాగగలిగిరి.

రైలుమార్గములకంటె జలమార్గములు చౌక యని కాటన్ జీవితాంతము వాదించెను. అదే నమ్మకముతో ధవళేశ్వరమునకు ఎగువన గోదావరిని మధ్యభారతమువరకు నౌకాయోగ్యము చేయు ప్రయత్నము కూడ సాగినది. రాళ్లు అడ్డుపడిన మూడు తావులలో మొదటిదైన దుమ్ముగూడెము వద్ద ఆనకట్ట, కాలువ, లాకులు నిర్మించిరి. రెండవది ఇచ్చంపల్లి. కాని వ్యయము పెరిగి, ఫలితము తగ్గి, 1871లో ఆ పథకము విడువబడినది. వరదలో ఉధృతము, వేసవిలో ఇసుకతిప్పలు గల నది ఏడాదిపొడవునను ఒకే లోతు నియ్యదు. గాలి ఎంత అనుకూలించినను అడుగు నేలకు తగిలిన పడవ కదలదు.

1900లో రాజమహేంద్రవరము వద్ద హేవ్‌లాక్ వంతెన తెరువబడి మద్రాసు, కలకత్తాల నడుమ రైలు గోదావరిని దాటినది. ఆవిరి పడవలు, పిదప మోటారు లాంచీలు నదిలో తెరచాపల చోటును ఆక్రమించినవి. 1974లో రైలు, రోడ్డు వంతెన వచ్చినది. "ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును" అను సామెత గోదావరి తీరమున అక్షరాల జరిగినది: ఓడల సరకు బండ్లకెక్కినది. తీరమున దుంగల తెప్పల స్థానమును కూడ 1980, 1990 దశాబ్దములనుండి ఫైబరు తెప్పలు, మోటార్లు తీసికొన్నవి. 2008లో కాకినాడ, పుదుచ్చేరి కాలువలను, భద్రాచలమునుండి రాజమహేంద్రవరమువరకు 171 కిలోమీటర్ల గోదావరిని చేర్చి 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. కాటన్ కల యింకను కాగితముమీద జీవించియే యున్నది.

చాప లేని పడవకు కూడ గాలి కలదు

ఇంజను వచ్చిన పిమ్మట గాలి విద్యతో పని తీరెనని తలచుట ప్రమాదకరము. చాప లేనంతమాత్రమున గాలి పడవను విడువదు. రెండంతస్తుల లాంచి ప్రక్కగోడ తానే ఒక తెరచాప. కిటికీలు, తలుపులు, బరకములు మూసినప్పుడు గాలి దూరిపోవుటకు దారిలేక పూర్తిబలముతో దానిని నెట్టును. ప్రక్కవైశాల్యము 20 చదరపు మీటర్లు అనుకొన్నచో, సెకనుకు 20 మీటర్ల ఈదురుగాలి దానిపై సుమారు 580 కిలోల బరువంత త్రోపును కలిగించును. తెరచాప పడవవాడు అట్టి గాలి రాకను చూచి చాప దించగలడు. లాంచి గోడను దించుట యెట్లు? పైగా జనము పైయంతస్తున ఉన్నచో బరువు కేంద్రము పైకి పోయి, ఒరిగిన పడవ తిరిగి నిలువబడు శక్తి తగ్గును.

2018 మే 15వ తేదీన దేవీపట్నము ప్రాంతమున మంటూరు దగ్గర ఈదురుగాలిలో లాంచి మునిగి పలువురు గిరిజనులు మరణించిరి. 2019 సెప్టెంబరు 15న నది వరదలో ఉండగా కచ్చులూరు వద్ద విహారపు లాంచి మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. మొదటిదానిలో గాలి, రెండవదానిలో ప్రవాహము నదియొక్క రెండు బలములను దారుణముగా గుర్తుచేసినవి. వేసవి సాయంకాలముల గాలివానకు ముందు ఆకాశమున నల్లమబ్బు పేరుకొనుట, ఉన్నట్టుండి గాలి స్తంభించుట, దూరమున నీటిపై నలుపుగీత వలె గాలి పరుగెత్తివచ్చుట సరంగులకు తెలిసిన గుర్తులు. ఆ గుర్తులు చూచి ఒడ్డు పట్టుట పిరికితనము కాదు, శాస్త్రము.

ఆంగ్ల నావికాధికారి ఫ్రాన్సిస్ బోఫర్ట్ 1805లో గాలి బలమును 0 నుండి 12 వరకు మెట్లుగా విభజించెను. పిదప ఆ మెట్లను నేలమీది గుర్తులతో కూడ జోడించిరి. ఆకులు, సన్నని రెమ్మలు ఎడతెగక కదలుచు, చిన్న జెండా విప్పుకొన్నచో అది 3వ మెట్టు, సెకనుకు 3.4 నుండి 5.4 మీటర్లు. నెమ్మదిగా గాలివాటున పోవుటకు ఇది చక్కని గాలి. పెద్దకొమ్మలు ఊగి, తంతితీగలు ఈలవేసినచో అది 6వ మెట్టు; సెకనుకు 10.8 నుండి 13.8 మీటర్లు. అప్పుడు చిన్నపడవలు రేవున ఉండవలెను. గాలివాటు ప్రయాణములోని మోసము కూడ ఒకటి గుర్తుంచుకొనదగినది. వెనుకగాలితో పోవువానికి గాలి తక్కువగా తెలియును. గంటసేపు హాయిగా పోయి వెనుదిరిగిన పిమ్మటనే దాని నిజమైన బలము ముఖమునకు తగులును. కనుక అనుభవశాలి ముందుగా ఎదురుగాలిలో శ్రమించి, అలసిన పిమ్మట గాలివాటున ఇల్లు చేరును.

నిలువనీటిలో గాలి

పోలవరము వద్ద నది స్వభావమే నేడు మారుచున్నది. 2014లో జాతీయ ప్రాజెక్టుగా గుర్తింపబడిన పోలవరము ఆనకట్టలో 48 గేట్ల స్పిల్‌వే మీదుగా 2021 జూన్‌లో నదిని మళ్లించిరి. పూర్తిమట్టము 45.72 మీటర్లు, ఆ మట్టమున నిలువ సుమారు 194 టి.ఎం.సి. లోయలోని అనేక గ్రామముల కొండరెడ్లు, కోయలు తమ యిండ్లను, రేవులను విడువవలసివచ్చినది. వారితోపాటు ఆ మలుపులలో గాలి యెట్లుండునో, సుడులెచ్చటనుండునో యెరిగిన జ్ఞానము కూడ చెదరిపోవుచున్నది.

నిలువనీటికి ఇదివరకటి లెక్క మారును. నదిలో 5 మీటర్ల ఎగువగాలితో ఒడ్డునుబట్టి సెకనుకు 1 మీటరు పోయిన పడవ, ప్రవాహము లేని జలాశయములో 1.67 మీటర్లు పోవును. కాని గాలి లేనప్పుడు దిగువకు తనంతట మోసికొనిపోవు నీటివాలు అచ్చట ఉండదు. ఇంజను ఆగిన పడవ ప్రవాహము వెంట కాక గాలి వెంట పోవును. వెడల్పైన నీటిపై గాలి పరుగెత్తు దూరము పెరిగినకొలది అలలు పెరుగును. అనగా జలాశయములో పడవ నడుపువానికి తన తాతకు తెలిసిన ప్రవాహముకంటె, తన తాత చదివిన గాలి ఎక్కువ అవసరము కానున్నది.

బడిలో చేయదగిన పరీక్ష

ఈ సూత్రములను పరీక్షించుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. కార్తికమాసము ముగిసిన మరునాడు, పోలిస్వర్గము నాటి తెల్లవారుజామున స్త్రీలు అరటిదొప్పలలో దీపములు వెలిగించి నీటిలో వదలుదురు. అట్టి అరటిదొప్పనే తీసికొని, ఈనెను కొయ్యగా నిలిపి, కాగితపు చాప తగిలింపవలెను. 5 మీటర్లు కొలిచిన చెరువుగట్టువెంట, పెద్దల సమక్షమున, వెనుకగాలిలో దానిని వదలి ఎన్ని సెకనులలో పోవునో గుర్తింపవలెను. పిదప చాప వైశాల్యమును నాలుగు రెట్లు చేసి, గాలి మారకముందే మరల కొలువవలెను. వేగము నాలుగు రెట్లగునా, ఒకటిన్నర రెట్లగునా? చాప లేని దొప్పను ప్రక్కన వదలినచో దొప్ప అంచుకు కూడ గాలి తగులుట కానవచ్చును. పదిమార్లు కొలిచి సరాసరి తీసినచో గాలి చాంచల్యము కొంత అణగును.

విద్యార్థి తన కొలతలో పైన చెప్పిన లెక్క సరిగా రాలేదని కనుగొన్నచో మరియు మంచిది. చాప వంగినదా, దొప్ప బరువెక్కినదా, గాలి ప్రక్కకు తిరిగినదా అని అతడు వెదకును. గోదావరి పడవవాడు తరతరములుగా చేసినది కూడ అదే వెదకులాట. తెరచాపలు నదినుండి తొలగినను గాలి తొలగలేదు. దానిని చదువు కన్ను మాత్రము తొలగిపోకుండ చూచుకొనవలెను.